బుద్ధిగా ఉంటే వచ్చేస్తాడు

పారిస్
1987 అక్టోబరు 22

తమ్ముడు షుహెయ్‌కి,

నీ సవా ఫ్రాన్సు టీవీలోకి వచ్చి మూడు వారాలైంది. ఇక్కడ పిల్లలకి బుధవారం బడి ఉండదు. మధ్యాహ్నం మూడున్నర అయ్యేసరికి మా వీధి ఊడ్చిపెట్టినట్టు ఖాళీ అయిపోతుంది. మా మెట్ల దారిలో ఆరు ఇళ్ళుంటే నాలుగింట్లోంచి ఒకే పాట. తోక్యోలో ఓ ఇరుకు గదిలో కూర్చుని నువ్వు గీసిన చేపలరేవు పిల్ల కోసం, బతికున్న చేపని ఎన్నడూ చూడని పారిస్ పిల్లలు ఇంటికి పరుగెడుతున్నారు. మెట్లమీద వాళ్ళకి అడ్డం వస్తే తోసుకుని పోతారు. నిన్న నన్నూ తోశారు.

పేర్లు మార్చారు, నువ్వు కోప్పడకూడదు. సవా అంటే ఫ్రెంచి చెవికి 'బాగున్నావా' అన్నట్టే ఉంటుంది. తుపానులో పిల్ల కొట్టుకుపోతుంటే ఒడ్డున అందరూ "బాగున్నావా, బాగున్నావా" అని అరుస్తున్నట్టుంటుందని పేరు మరీన్ అని పెట్టారు. సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్దని కేకు అనమన్నారు. "నల్ల కాగితం చుట్టిన తెల్ల కేకు ఎక్కడైనా ఉంటుందా?" అని అడిగాను. మా రచనల విభాగం పెద్ద వెర్నొ గారు "ఎక్కడో ఒకచోట ఉంటుందని పిల్లలు నమ్ముతారు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తొందరమనిషి, అంతే. నేను జపనీస్ నుంచి మాటకి మాట తెచ్చిస్తాను, దాన్ని పెదాల కదలికకి సరిపెట్టి రాసేది వాళ్ళు. ఈ మధ్య అదీ నాకే వదిలేస్తున్నారు.

పని ఎక్కువైంది. ఒకచోట కూర్చోలేకపోతున్నాను. మాటలు దొరక్కపోతే నది ఒడ్డున అటూ ఇటూ నడుస్తాను.

అమ్మ ఎలా ఉంది? నాకు రాయదు, నీకైనా ఏమన్నా చెబుతోందా?

మీ అక్క
మిసావొ

•

తోక్యో, నెరిమా
1987 నవంబరు 9

అక్కా,

ఉత్తరం అందింది. కేకు సంగతి గదిలో నాతో కలిసి గీసే కుర్రాళ్ళకి చదివి వినిపించాను. ముగ్గురూ నవ్వారు. నాకు మాత్రం అంత నవ్వు రాలేదు.

పత్రికకి వారానికి పంతొమ్మిది పేజీల బొమ్మలకథ ఇవ్వాలి. రెండు నెలలుగా భుజం లేవట్లేదు, ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని గీత గీస్తున్నాను. మా ఎడిటర్ వచ్చి గుమ్మంలో నిలబడతాడు, లోపలికి రాడు. అలా నిలబడితే నేను తొందరగా గీస్తానని వాడి నమ్మకం. నిజమే, గీస్తాను.

అమ్మ బాగుంది. బాగా తింటోంది. మోకాళ్ళ నొప్పి తప్ప ఏమీ లేదు.

ఒక్కటి అడుగుతాను. పేర్లు పోనీ, తిండి పోనీ. తొమ్మిదో భాగంలో నాయనమ్మ మాట ఫ్రెంచిలో ఎలా రాశావు? "మీ నాన్న ఇక రాడు, సవా. కూర్చో. అన్నం తిను." అంతే కదా ఆ మాట. అది రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మొదట పేజీ నిండా రాశాను, కొట్టేస్తూ వస్తే చివరికి అది మిగిలింది. మీ భాషలో అది ఎన్ని మాటలైంది? నాకు ఫ్రెంచి రాదు కానీ, రాసి పంపు. చూడాలనుంది.

షుహెయ్

•

పారిస్
1987 డిసెంబరు 14

తమ్ముడికి,

భుజానికి వేడినీళ్ళ కాపడం పెట్టించుకో. మందులు మింగి ఊరుకోకు.

ఇక్కడ పెద్ద గొడవ మొదలైంది. జపాను బొమ్మలు పిల్లల్ని చెడగొడుతున్నాయని పత్రికల నిండా రాతలు. కళ్ళు పళ్ళేలంత, ప్రాణం లేదు, చవకరకం, కొట్టుకోవడం తప్ప ఏమీ లేదు అని. ఒక పంతులమ్మ రేడియోలో, "మా తరగతిలో పిల్లలు మనిషి ముఖం గీయడం మరిచిపోయారు, అందరికీ ఆ కళ్ళే పెడుతున్నారు" అని వాపోయింది. విన్నాక మెట్రోలో గమనించాను. నిజమే. నా ఎదురుగా కూర్చున్న పిల్ల ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో సవాని గీసింది. ముంగురులు మూడు, కుడివైపు ఒకటి పొట్టి. నువ్వు గీసినట్టే. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని లాగేసింది.

జపాను పుస్తకాల దుకాణానికి వెళితే ఇంకో వింత. పదిహేనేళ్ళ అమ్మాయి ఒకతె నీ మూడో సంపుటం కౌగిలించుకుని నిలబడింది. "నీకు జపనీస్ వచ్చా?" అన్నాను. "రాదండీ." "మరెలా చదువుతావు?" "వర్షం పడేది తెలుస్తుంది, ఏడ్చేది తెలుస్తుంది. మిగతాది నేనే చెప్పుకుంటాను." నా ముఖంలోకి చూసి, "మీకొచ్చు కదా, ఈ ఒక్క పేజీ చెప్పరూ?" అంది. చెప్పాను. ఇంకో పేజీ అడిగింది. మూడు పేజీలయ్యాక పనుందని బయటపడ్డాను. నిజానికి పనేమీ లేదు.

తొమ్మిదో భాగం బాగానే వచ్చింది. మాట కాగితం ఆఫీసులో ఉంది, తర్వాత పంపుతాను.

అక్క

•

తోక్యో, నెరిమా
1988 జనవరి 11

అక్కా,

నా బొమ్మలకథని టీవీకి తీసిన యానిమే స్టూడియోలో ఎడిటింగ్ చూసే ఇగరషి నిన్న కనిపించాడు. సంగతి నాకు తెలుసనుకుని మాట్లాడాడు. తొమ్మిదో భాగం రీలుని మీవాళ్ళు సీలు కూడా విప్పకుండా వెనక్కి పంపారట.

విప్పని రీలు బాగానే ఎలా వచ్చింది?

అందులో ఉన్నది మన నాన్న. నీకు చెప్పక్కర్లేదు. నువ్వు చేసిన పనేమిటో దాచకుండా రాయి.

షుహెయ్

•

పారిస్
1988 ఫిబ్రవరి 6

షుహెయ్,

నీ ఉత్తరం వచ్చాక నాలుగుసార్లు రాయడం మొదలుపెట్టి చించేశాను. ఇది ఐదోది.

తొమ్మిదో భాగం వెయ్యలేదు. పోయిన వేసవిలోనే తేలిపోయింది. వెర్నొ గారు స్క్రిప్టు చూసి నేను తెచ్చిచ్చిన మాటలు చదివి, నన్ను పిలిచి, "మిసావొ గారూ, బుధవారం మధ్యాహ్నం పిల్లలు రొట్టె మీద జాము రాసుకుని తింటూ చూస్తారు. వాళ్ళకి శవపేటిక చూపించమంటారా?" అన్నాడు. "అందులో శవం లేదండీ, పెట్టె ఖాళీది" అన్నాను. "ఖాళీది ఇంకా ఘోరం" అన్నాడు. ఆ భాగం తీసేస్తే తర్వాత కథ అతకదు కదా. సవా తండ్రి ఏమైనట్టు? ఎవరో ఒకరు అతికించాలి. పదో భాగంలో నాయనమ్మ వెనక్కి తిరిగి గిన్నెలు కడుగుతుంటుంది, పెదాలు కనిపించవు. అక్కడ ఏం చెప్పించినా సరిపోతుంది. నేనే రాశాను. "మీ నాన్న దక్షిణ దీవుల్లో పని చేస్తున్నాడు మరీన్. బుద్ధిగా ఉంటే వచ్చేస్తాడు."

ఎవరూ నా మెడమీద కత్తి పెట్టలేదు. పది నిమిషాల్లో రాసేశాను. చదువుకుంటే హాయిగా కూడా అనిపించింది. ఆ హాయే నన్నిప్పుడు కుదురుగా ఉండనివ్వట్లేదు.

పోయిన వారం టీవీవాళ్ళు నాకొక ఉత్తరం పంపారు. పశ్చిమాన కొంకార్నో అనే చేపల రేవుంది. మన కెసెన్నుమా లాగే సూరమీను పడవల ఊరు. అక్కణ్ణించి ఓ తల్లి రాసింది. ఉన్నదున్నట్టు నీకు దించుతున్నాను.

"అయ్యా, మా ఆయన పడవ పోయిన ఏడాదికి ముందు డిసెంబరులో మునిగిపోయింది. ఐదుగురిలో ఇద్దరే దొరికారు, ఆయన దొరకలేదు. మా సొలెన్‌కి తొమ్మిదేళ్ళు. దానికి నేను నిజమే చెప్పాను. ఏడ్చింది, నమ్మింది. నవంబరు చివరి నుంచి నమ్మడం మానేసింది. 'మరీన్‌కి కూడా బడిలో అందరూ ఇలాగే చెప్పారమ్మా, వాళ్ళ నాయనమ్మకే అసలు సంగతి తెలుసు' అంటోంది. రెండు నెలలుగా నా కూతురు ఒక్క అల్లరి పని చెయ్యలేదు. చెప్పకుండానే పక్క సర్దుతుంది, గిన్నెలు కడుగుతుంది, ఎదురు మాట్లాడదు. పక్కింటివాళ్ళు ఎంత బుద్ధిమంతురాలో అంటారు. నాకు భయం వేస్తోంది. బుద్ధిగా ఉంటే వస్తాడని ఆ పిల్లకి చెప్పినవాళ్ళు ఎవరో, వాళ్ళొచ్చి మా అమ్మాయికి ఎప్పుడొస్తాడో చెప్పండి. అన్నిక్ కెర్వెల్లా."

వెర్నొ గారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి పెట్టాడు. "ఇంకో రెండు వేల మంది తల్లులు కృతజ్ఞతలు రాశారు" అన్నాడు, నెమ్మదిగానే. మే నెలలో ఆఖరి భాగం. అందులో తండ్రి తిరిగొచ్చినట్టు రాయమంటున్నారు. పాత భాగాల్లోంచి ఎవరిదో మగమనిషి వీపు కత్తిరించి అతికిస్తారట.

ఆ ఊరు వెళదామనుకుంటున్నాను. తొమ్మిదో భాగం క్యాసెట్ పంపగలవా? తిట్టు, కానీ పంపు.

అక్క

•

తోక్యో, నెరిమా
1988 ఫిబ్రవరి 27

అక్కా,

తిడుతూ మూడు పేజీలు రాశాను. పంపట్లేదు.

జపాను క్యాసెట్ మీ దేశపు పెట్టెలో ఆడదని ఇగరషి చెప్పాడు. రంగులు రావు, గీతలే వస్తాయట. అందుకని పుస్తకం పంపుతున్నాను, రెండో సంపుటం. తొమ్మిదో అధ్యాయం అందులో ఉంది. నువ్వు పక్కన కూర్చుని చదువు. ఈసారి ఉన్నదే చదువు.

నువ్వొక్కదానివే దాచావనుకోకు. అమ్మ నాతో మాట్లాడి ఏడాదిన్నర అయింది. బాగుంది, తింటోంది అని నీకు రాసినవన్నీ పక్కింటి కుమగాయ్ పిన్ని ఫోనులో చెప్పిన మాటలు. నువ్వు ఇల్లు వదిలాక కూడా అమ్మ పొద్దున్నే నాన్న పళ్ళెం పెట్టడం మానలేదు. వేడన్నం, మిసో పులుసు. గిన్నె మూత లోపల ఆవిరి పడితే మనిషి ఎక్కడో క్షేమంగా ఉన్నట్టని రోజూ ఎత్తి చూస్తుంది. నాన్న సముద్రంలో కనబడకుండా పోయినప్పటి నుంచి, పంతొమ్మిదేళ్ళుగా. నా తొమ్మిదో అధ్యాయంలో నాయనమ్మ ఆ పళ్ళేన్ని తీసేసి, సవా తండ్రి గడ్డం కత్తి, ఊలు బనీను తెల్లపెట్టెలో పెట్టి పాతిపెడుతుంది. మనింట్లో ఎప్పుడూ జరగనిది నేను కాగితం మీద జరిపించాను. మంచి పని చేశాననుకున్నాను. పత్రిక పట్టుకుని ఊరెళితే అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "దేశమంతటికీ నా వంటిల్లు చూపించావు. నా పళ్ళెం తియ్యడానికి నువ్వెవడివిరా?" అంది. తలుపు మూసింది.

మొన్న నీమీద కోపం ఆగక అమ్మకే ఫోన్ చేశాను. "ఫ్రాన్సులో అక్క నాన్నని బతికించేసిందమ్మా, వస్తాడని చెబుతోందట" అన్నాను. "ఆ ఫ్రాన్సువాళ్ళే నయం" అంది. ఫోన్ పెట్టేసింది.

ఏడాదిన్నరకి నాతో అన్న మొదటి మాట అది. ఆ రోజు ఒక్క గీతా పడలేదు. ఎడిటర్ గుమ్మంలో రెండు గంటలు నిలబడి వెళ్ళిపోయాడు.

నువ్వు వెళ్ళు. ఏం జరిగిందో పూర్తిగా రాయి.

షుహెయ్

•

కొంకార్నో నుంచి తిరుగు రైలులో
1988 ఏప్రిల్ 17

తమ్ముడికి,

రైలు కుదుపుకి అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకుని చదువు. ఇంటికి చేరేదాకా ఆగితే మళ్ళీ ఏదో ఒకటి దాచేస్తానని ఇక్కడే రాస్తున్నాను.

తలుపు అన్నిక్ తీసింది. నా కంటే చిన్నది, ముప్ఫై దాటి ఉండవు. "అది రాసింది మీరేనా?" అంది. "నేనేనండీ." తిడుతుందనుకున్నాను. "ఇంకా వయసులో పెద్ద మగాడెవరో అనుకున్నాను" అని పక్కకి తప్పుకుంది. వంటింట్లో ముసలావిడ నల్ల గోధుమ అట్లు పోస్తోంది. ఆమె సొలెన్ తండ్రికి తల్లి, మారి ఝాన్. ఆ తీరానికి పడమటి కొసన ఉండే ఉయెస్సాన్ దీవి మనిషి. నా వంక చూసి మళ్ళీ అట్టు తిప్పింది.

సొలెన్ వచ్చింది. జుట్టు సవాలా కత్తిరించుకుంది షుహెయ్, ముంగురులు మూడు, కుడివైపుది పొట్టి. చేతులు కట్టుకుని నిలబడి "నమస్కారమండీ, ప్రయాణం బాగా జరిగిందా?" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల అడిగే మాటేనా అది?

పుస్తకం ఇచ్చాను. మన పుస్తకం కదా, వాళ్ళ లెక్కన వెనక నుంచి తెరిచింది. "ఇటు కాదు, అటు నుంచి" అన్నాను. తిప్పింది. "మరీన్ ఇక్కడేం చేస్తోంది?" అంది. "దీని అసలు పేరు సవా. జపాను పిల్ల." "కాదు. మరీన్ మా ఊరిది. పడవలు మావే." "పడవల మీద రాతలు చూడు." చాలాసేపు చూసింది. "టీవీలో ఆ రాతలు తుడిచేసి ఉంటాయి. నేను మంచు పట్టిందనుకున్నాను" అంది.

తొమ్మిదో అధ్యాయం మొదటి బొమ్మ నుంచి చదివాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. పెట్టె దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇందులో ఏముంది?" "వాళ్ళ నాన్న గడ్డం కత్తి. ఊలు బనీను." "నాన్న లేడా?" "దొరకలేదు." పేజీ తిప్పాను. నాయనమ్మ మాట చదివాను. మీ నాన్న ఇక రాడు. కూర్చో. అన్నం తిను. ఫ్రెంచిలో కూడా అది చిన్నదేరా. నీ మాటకన్నా ఒక్క మాట ఎక్కువైంది.

పొయ్యి దగ్గర అట్టు మాడుతున్న వాసన వచ్చింది. మారి ఝాన్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మేమూ చేసేవాళ్ళం" అంది. మాతో కాదు, ఆ బొమ్మతో అన్నట్టుగా. "మా దీవిలో. దొరకని మనిషికి మైనంతో చిన్న శిలువ చేసి, తెల్లగుడ్డ పరిచి, ఇంట్లో మనిషిని పడుకోబెట్టినట్టే పడుకోబెట్టేవాళ్ళం. మర్నాడు గుడికి తీసుకెళ్ళేవాళ్ళం. మా నాన్నకి చేశారు. నా కొడుక్కి చేద్దామంటే ఈ రోజుల్లో ఎవరూ చెయ్యట్లేదన్నారు, ఊరుకున్నాను." అన్నిక్ అత్తగారి వైపు తిరిగి, "నాతో ఎప్పుడూ అనలేదేం?" అంది. "నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అంది ముసలావిడ.

సొలెన్ నన్నే చూస్తోంది. "టీవీలో మాట మీరు రాశారా?"

"రాశాను."

"దక్షిణ దీవులు?"

"అబద్ధం."

"బుద్ధిగా ఉంటే అన్నది?"

"అదీ అబద్ధమే."

"మరి నేను ఊరికే గిన్నెలన్నీ కడిగానా?" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియని ప్రశ్న. నేను తల ఊపాను. ఆ పిల్ల లేచింది. బల్లమీది పళ్ళెం ఒక్క తోపు తోసింది, అట్టుతో సహా నేలమీద పడి ముక్కలైంది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎంత గట్టిగా వేసిందంటే గోడమీద గడియారం ఊగింది. నేను క్షమించమని చెప్పబోయాను. అన్నిక్ చెయ్యి అడ్డం పెట్టింది. కళ్ళు మూసుకుని, ఆ చప్పుడు ఇంకా వింటున్నట్టు నిలబడి, "ఐదు నెలలైపోయింది ఇంట్లో ఇలాంటి చప్పుడు విని" అంది. తర్వాత ముక్కలు ఏరుతూ ఏడ్చింది. నేనూ కూర్చుని ఏరాను.

బస్సుకి టైమయ్యేసరికి తలుపు కొద్దిగా తెరుచుకుంది. చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. "పుస్తకం" అంది. ఇచ్చాను. మళ్ళీ వేసుకుంది.

నేను రేపు వెర్నొ గారితో ఆఖరి భాగం రాయనని చెబుతాను. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు.

అక్క

•

పారిస్
1988 జూన్ 3

తమ్ముడికి,

ఉద్యోగం పోయింది. వెర్నొ గారు గుమ్మందాకా వచ్చి సాగనంపాడు. "మీరన్నది తప్పు కాదు. నాదీ తప్పు కాదు" అన్నాడు.

ఆఖరి భాగం పోయిన వారం బుధవారం వేశారు. తండ్రి తిరిగొచ్చాడు. ఎవరో మగమనిషి వీపు, పక్కన మరీన్ పరుగు, పాట. మా మెట్ల దారిలో పిల్లలు కేకలు పెట్టారు. నేను నది ఒడ్డుకి వెళ్ళిపోయాను.

ఇవాళ సొలెన్ ఉత్తరం వచ్చింది. టీవీవాళ్ళకి తను రాసిన దానికి నకలు నాకు పంపింది. "ఆ వీపు సవా నాన్నది కాదు. నాలుగో భాగంలో ఐసుగడ్డలు అమ్మినవాడిది. చొక్కా మీద అదే మరక ఉంది. మేము అంత తెలివితక్కువవాళ్ళం కాదు." కింద తరగతిలో ఇరవై మూడు మంది సంతకాలు. నీ పుస్తకం వాళ్ళ బడిలో చేతులు మారి మారి అట్ట ఊడిపోయిందట. ఎవరికీ ఒక్క అక్షరం రాదు, సొలెన్ నా దగ్గర విన్నది విన్నట్టు అందరికీ చెబుతోందట. మూడో సంపుటం అడుగుతోంది. ఇంకో కాగితం మీద అన్నిక్ రాసింది: ఆదివారం మైనపు శిలువ గుడికి తీసుకెళ్ళారు. సొలెన్ మోసింది. మర్నాడు బడిలో ఎవరినో కొట్టి వచ్చింది.

అమ్మ సంగతి రాయవేం?

అక్క

•

కెసెన్నుమా
1988 జూలై 10

అక్కా,

ఈ ఉత్తరం మనింటి నుంచే రాస్తున్నాను. రెండు వారాలు పత్రికకి సెలవు పెట్టాను, మొదటిసారి. భుజం సాకు చెప్పాను.

నీ రైలు ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చాను. తలుపు తట్టాను. అమ్మ తీసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. వెళ్ళి మళ్ళీ పీట మీద కూర్చుంది. సముద్రంలోంచి హొయాలు తీసే కాలం కదా, బుట్టెడు ముందు పెట్టుకుని ఎర్రతోలు చీరి మాంసం తీస్తోంది. నేను గడప దగ్గరే కూర్చుని నీ ఉత్తరం చదివాను, మొదటి నుంచి చివరిదాకా. కత్తి ఆపకుండా విన్నది. పళ్ళెం పగిలిన చోట మాత్రం ఆగింది.

"ఆ పిల్ల తలుపు వేసిందా?" అంది.

"వేసిందమ్మా. గడియారం ఊగిందట."

"మంచిది. నువ్వు ఒక్కసారి కూడా వెయ్యలేదు."

నాకు అర్థం కాలేదు. అమ్మ చేతులు కడుక్కుంది. నిదానంగా, ఏదో ధర చెబుతున్నంత మామూలుగా చెప్పింది. "మీ నాన్న పోయాడని నాకు మూడో రోజే తెలుసురా. పెళ్ళానికి తెలియదా. నీకప్పుడు పదేళ్ళు. పళ్ళెం మొదటి వారం నా కోసం పెట్టాను. తర్వాత తీసేద్దామనుకున్న రోజు, నువ్వు సంచీ తగిలించుకుని బడికి బయల్దేరుతూ గిన్నె మూత ఎత్తి చూశావు. ఆవిరి ఉందని నవ్వుకుని వెళ్ళావు. ఇంకెలా తియ్యను? నువ్వు చూడ్డం మానేస్తే తీసేద్దామనుకున్నాను. నువ్వు మానలేదు. తోక్యో నుంచి ఎప్పుడొచ్చినా చెప్పులు విప్పకముందే అటే చూసేవాడివి. చూసి చూసి చివరికి అమ్మకి పిచ్చి అని పుస్తకం వేశావు."

"పిచ్చి అనలేదమ్మా" అన్నాను.

"అనలేదులే. నాయనమ్మ చేత తీయించావు. నా చేతే తీయించొచ్చు కదా. వచ్చి, అమ్మా, ఇక చాలు అంటే సరిపోయేది. ఇంత దేశానికి చెప్పావు, నాకు చెప్పలేదు."

అక్కా, నేను ముప్ఫై ఏళ్ళవాణ్ణి. లక్షమంది నా బొమ్మలు చూసి ఏడ్చారని చెప్పుకుంటాను. ఆ గడప మీద నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు. "ఇక చాలమ్మా" అన్నాననుకుంటాను. అమ్మ "సరే" అంది. లేచి నాకు అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చుని నేను తింటుంటే చూసింది.

మర్నాడు ఇద్దరం గుడికి, అక్కణ్ణించి రాయి చెక్కే ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆయన నాన్న పేరు రాసుకుని, "తేదీ ఏం వెయ్యమంటారు?" అన్నాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పడవ బయల్దేరిన రోజా, రేడియోలో ఆఖరి మాట వినబడ్డ రోజా, వెతకడం ఆపేసిన రోజా? నేనొకటి అన్నాను, అమ్మ ఇంకొకటి. చివరికి అమ్మ "మిసావొని అడుగు" అంది. "మత్స్య సంఘం రేడియో దగ్గర అప్పుడు ఉద్యోగం దానిదే. ఆఖర్న మాట్లాడింది అదే. ఏం విన్నదో మనకి ఎప్పుడూ చెప్పలేదు. రెండేళ్ళు నోరు విప్పకుండా ఉండి, దేశమే విడిచిపోయింది."

నాకు ఆ సంగతే తెలియదు. రేడియో దగ్గర ఎవరో ఉన్నారనుకున్నాను ఇన్నాళ్ళూ. రాయి ఆయనని ఆగమని చెప్పి వచ్చాం.

షుహెయ్

•

పారిస్
1988 జూలై 21

అమ్మకీ, షుహెయ్‌కీ,

1969 మార్చి 9 అని వేయించండి. ఆదివారం. పొద్దున్న ఆరూ ఇరవైకి నాన్న పిలిచాడు.

గాలి ఎక్కువగా ఉందన్నాడు. చేప బాగా పడింది, బరువుగా వస్తున్నాం అన్నాడు. "షుహెయ్ లేచాడా?" అని అడిగాడు. "ఆదివారం కదా, ఇంకా పడుకున్నాడు" అన్నాను. నవ్వాడు. ఇంకేదో చెప్పబోయాడు. "మిసావొ, అమ్మతో" అన్నాడు. వెనక ఇంకో పడవ పిలుస్తోంది, ఆరున్నరకల్లా వాళ్ళకి లైను ఇవ్వాలి. "నాన్నా, సాయంత్రం చెప్పు" అని నేనే మీట నొక్కి లైను మార్చేశాను.

అమ్మతో ఏం చెప్పమన్నాడో నాకు తెలియదమ్మా. నువ్వు ఎక్కడ అడుగుతావో అని రెండేళ్ళు నీ ఎదురుగా కూర్చోలేకపోయాను. ఇంత దూరం వచ్చేశాను. ఇక్కడ ఎవరి నోట్లో ఏ మాట కావాలంటే ఆ మాట పెట్టే పని దొరికింది. ఆ ఒక్క మాట మాత్రం నేను కల్పించి చెప్పలేను. నువ్వు అడిగినా చెప్పను.

ఆగస్టు రెండున బయల్దేరుతున్నాను. మూడో తారీఖు సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. నన్ను కోప్పడాలనుకుంటే గుమ్మంలో వద్దు, లోపలికి రానిచ్చాక కోప్పడు.

మిసావొ